గేటు మేకుకి మూడు మాస్కులు

2020 ఏప్రిల్‌లో, దాళ్వా కోతల రోజుల్లో, మా డ్వాక్రా సంఘానికి మాస్కులు కుట్టమని గుడ్డ వచ్చింది. మనిషికి 3 చొప్పున రాష్ట్రమంతా 16 కోట్ల మాస్కులు పంచాలని ప్రభుత్వం అనుకున్న రోజులవి. మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. నాది టైలరింగ్ కొట్టు. లాక్‌డౌన్‌తో పెళ్లి జాకెట్ల పని మొత్తం పోయింది. అందుకే ఆ గుడ్డ మీద ప్రాణం పెట్టి కుట్టాను. రెండు పొరలు, మూడు మడతలు. ఎలాస్టిక్ దొరక్కపోతే నాడాలు పెట్టాను. ముక్కు దగ్గర కుట్టు ఒరుసుకోకూడదని అంచు లోపలికి మడిచాను.

మా బాబాయ్ వంతుకి, ప్రభుత్వం పెట్టిన గ్రామ వాలంటీరమ్మాయి పట్టుకెళ్లిన మూడూ గేటు మేకుకి వేలాడాయి. అడిగితే, "వాళ్ల మాస్కు నాకెందుకమ్మా?" అన్నాడు.

"కుట్టింది నేను బాబాయ్."

"కుట్టింది నువ్వే. పంచింది వాళ్లు కదా."

మా ఊళ్లో టీ కొట్లు రెండు. రామాలయం దగ్గరది అప్పటి ప్రతిపక్షానిది, చెరువుగట్టుది అధికార పార్టీది. 2020 మార్చి 15న ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఆ నిర్ణయాన్ని తప్పుబట్టారు. కరోనాకి పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ చాలన్నట్టు ఆయన అన్న మాటలు ఆ రోజువే. మర్నాటి నుంచి చెరువుగట్టు కొట్లో "జలుబే కదా" అన్నారు. రామాలయం దగ్గర "ఇటలీ చూడండి, శవాలు పెట్టడానికి చోటు లేదు" అన్నారు. చెరువుగట్టు వాళ్లు నా ముఖానికున్న మాస్కు చూసి నవ్వారు కూడా. నెల తిరక్కుండానే సర్కారు పంచేసరికి వాళ్లే కట్టుకున్నారు. రామాలయం వాళ్లు మేకుకి తగిలించారు.

2021 జనవరికి అంతా తారుమారైంది. కమిషన్ పంచాయతీ ఎన్నికలు పెడతానంది. టీకాల పని ఉంది, ఇప్పుడు కుదరదని ప్రభుత్వం అంది. ఇటలీ పేరు చెప్పి వణికించిన పెద్దాయనే "ఇంకెక్కడి కరోనా, ఎన్నికలు జరగాల్సిందే" అన్నాడు. జలుబే కదా అన్నవాళ్లు "జనం ప్రాణాలంటే లెక్క లేదా?" అని మండిపడ్డారు. జనవరి 25న సుప్రీంకోర్టు ఎన్నికలకే మొగ్గింది. ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగాయి. నేను రెండు వైపులా కండువాలు కుట్టాను. ప్రచారానికి వచ్చినవాళ్లలో మాస్కు ఉన్నవాళ్లకి కూడా అది గడ్డం కిందే ఉంది.

మా పెద్దమ్మాయి ఈమధ్య అమెరికా సంగతి ఒకటి చదివి వినిపించింది. అక్కడ ఫోన్ల కదలికలు లెక్కగట్టి చూస్తే, 2016లో ట్రంప్‌కి ఎక్కువ ఓట్లు పడ్డ కౌంటీల్లో 2020 మార్చి నుంచి మే దాకా జనం దూరం పాటించడం మిగతా చోట్ల కంటే 14 శాతం తక్కువట. అక్కడ ఎవరు భయపడతారో, ఎవరు భయపడరో పార్టీని బట్టి చెప్పొచ్చన్నమాట. మా ఊళ్లో అదీ కుదరదు. పది నెలల్లో భయం ఈ కొట్టు నుంచి ఆ కొట్టుకి మారిపోయింది. రోగం మాత్రం రెండు కొట్లకీ ఒకటే. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకి టీకా మొదలైంది. బాబాయ్‌కి అప్పటికి అరవై మూడు. పేరు రాసుకోవడానికి ఆ అమ్మాయే వచ్చింది. "నా ఆధార్ నంబరు మీ వాళ్ల చేతికెందుకు?" అని గుమ్మంలోంచే పంపేశాడు. నేను రెండుసార్లు వెళ్లి బతిమాలాను. పిన్ని కూడా చెప్పి చూసింది. ఏప్రిల్ చివరికి టీకా కోసం తెల్లవారకముందే లైన్లు కట్టారు, నిలబడ్డవాళ్లందరికీ దొరకలేదు.

మేలో బాబాయ్‌కి జ్వరం పట్టుకుంది. బెడ్డు కోసం మా తమ్ముడు ఒక రాత్రంతా ఫోన్లు చేశాడు. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చాడు. మునుపు కొబ్బరి తోటంతా తిరిగి కాయలు లెక్కపెట్టే మనిషి, గేటు దాకా నడిస్తే ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఆ అమ్మాయి రోజూ సాయంత్రం ఆక్సీమీటర్ పట్టుకుని గేటు బయట నిలబడేది. బాబాయ్ గ్రిల్‌లోంచి వేలు పెట్టేవాడు. "తొంభై మూడు, తాతగారూ" అని ఆమె పైకి చదివి, నోటుబుక్కులో రాసుకునేది. ఆమె తల పక్కనే మేకు. దానికి నేను కుట్టిన మూడు మాస్కులు, ఎండకి తెల్లబడి.

కాస్త కోలుకున్నాక ఒకరోజు నాతో అన్నాడు. "ఆ పిల్ల మన వాళ్ల పిల్లయితే అప్పుడే వేయించుకునేవాణ్ణి." తప్పు చేశానని అనలేదు. ఉన్నమాట చెప్పాడు, అంతే. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు.

ఆగస్టులో ఆమె మళ్లీ పేర్లు రాసుకోవడానికి వచ్చింది. బాబాయ్ అరుగు మీద నుంచి లేవలేదు, ఆమెకేసి చూడనూ లేదు. "లోపల బీరువాలో నా ఆధార్ ఉంది, తెచ్చివ్వు" అని పిన్నితో అన్నాడు.