నోటీస్ టేబుల్ మీద పరిచి ప్రార్థన చేశాం

మా అద్దె ఇంట్లో శుక్రవారం ప్రార్థన పెట్టుకుంటే పాటల సౌండ్ ఎక్కువైందని ఇల్లు ఖాళీ చేయమని కాగితం పంపారండి, నెల టైమ్ ఇచ్చి. నాకైతే కోపం, వెంటనే వెళ్లి గొడవ పడదామనుకున్నా. అత్తయ్య మాత్రం ఆ కాగితం తీసుకుని డైనింగ్ టేబుల్ మీద పరిచి, పచ్చడి మరక ఉన్న మూల మీద స్టీల్ గ్లాసు పెట్టి, మోకరించింది.

ఇది యూదా రాజు హిజ్కియా చేసిన పనే కదా అని అప్పుడు గుర్తొచ్చింది, బైబిల్లో 2 రాజులు 19వ అధ్యాయం. అష్షూరు రాజు సన్హెరీబు బెదిరిస్తూ ఉత్తరం పంపితే దాన్ని తీసుకెళ్లి మందిరంలో దేవుడి ముందు విప్పి పరిచాడు. అష్షూరువాళ్ల చేతిలో చాలా రాజ్యాలు నాశనమైన మాట నిజమే ప్రభువా అని కూడా ఒప్పుకున్నాడు చూడండి, నాకు అదే ఇష్టం, సమస్య లేనట్టు నటించలేదు. సన్హెరీబు తన శాసనంలో హిజ్కియాని పంజరంలో పక్షిలా బంధించానని గొప్పలు రాయించుకున్నాడు గానీ హిజ్కియా రాజధాని యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా రాయించలేకపోయాడు (ఇది చదివి నవ్వొచ్చింది నాకు).

మేమైతే స్పీకర్ తీసేశాం, ఓనర్ ఆంటీకి సారీ చెప్పాం. ఇంకా పదకొండు రోజులుంది, కాగితం టేబుల్ మీదే ఉంది.