వలయం పెద్దదైతే మందు గొప్పదా?

గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో మైక్రోబయాలజీ చదివే పిల్లలు ప్రాజెక్టు అనగానే ఔషధ మొక్కల సారాలు బ్యాక్టీరియాను అడ్డుకుంటాయో లేదో చూసే పరీక్షనే ఎక్కువగా ఎంచుకుంటారు. వేప, తులసి, తంగేడు పెరట్లోనో పొలం గట్టునో దొరుకుతాయి. పసుపు కొమ్ములకు దుగ్గిరాల యార్డు ఉండనే ఉంది. ఏటా ఇలాంటి నివేదికలు దిద్దే నాకు వాటి ముగింపుతోనే పేచీ. సారం చుట్టూ బ్యాక్టీరియా పెరగకుండా మిగిలే నిరోధక వలయం పెద్దదైతే సారం బలమైనదని, చిన్నదైతే బలహీనమైనదని నిస్సంకోచంగా రాసేస్తారు.

బ్యాక్టీరియాను పెంచే జెల్లీలాంటి ముల్లర్ హింటన్ అగార్‌ను ప్లేటులో 4 మి.మీ. మందాన పోసి, 0.5 మెక్‌ఫర్లాండ్ (ద్రవం మసకను బట్టి బ్యాక్టీరియా ఎంతుందో చెప్పే కొలమానం) గాఢతకు సరిచూసిన స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియాను దూదిపుల్లతో అంతటా రాసి, గుంటలు చేసి సారం నింపుతాం. మర్నాటికి మీగడ రంగు పొరలా బ్యాక్టీరియా పెరిగి, గుంట చుట్టూ మాత్రం అగార్ తేటగా మిగిలితే దాని వ్యాసాన్ని కొలుస్తాం. పదార్థం ఎంత అడ్డుకుందన్నదే కాక, అగార్‌లో ఎంత దూరం పాకిందన్నది కూడా ఆ కొలతలో కలిసిపోయి ఉంటుంది. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు కాబట్టి గుంట అంచునే పచ్చని మరకగా నిలిచిపోతుంది. వలయం చిన్నదైనంత మాత్రాన దానికి శక్తి లేదనడం న్యాయం కాదు.

‘సిప్రోఫ్లాక్సాసిన్‌కు దీటుగా పనిచేసింది’ అన్న వాక్యమైతే నన్ను మరీ చికాకు పెడుతుంది. పోలిక కోసం అగార్ మీద పెట్టే ఆ యాంటీబయాటిక్ కాగితపు బిళ్లలో ఉండే మందు 5 మైక్రోగ్రాములు. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల గాఢతతో 100 మైక్రోలీటర్ల సారం పోస్తే గుంటలో పడేది 5 మిల్లీగ్రాములు, అంటే వెయ్యి రెట్లు! సారాన్ని కరిగించిన డీఎంఎస్ఓను ఒక్కదాన్నే వేరే గుంటలో పోసి చూడకపోతే, ఆ వలయం మొక్కదో ద్రావకానిదో కూడా తేలదు.

బలాబలాలు తేల్చాలంటే 96 గుంటల పళ్లెంలో సారాన్ని సగం సగం పలుచన చేసుకుంటూ పోయి, పెరుగుదలను ఆపే కనిష్ఠ గాఢతను పట్టుకోవాలి. బ్యాక్టీరియా బతికి ఉంటే, గుంటల్లో కలిపే రెసజురిన్ అనే రంగు పదార్థం నీలం నుంచి గులాబీ రంగుకు మారుతుంది. పసుపు సారంలో ఆ రంగే సరిగా కనబడదు గనుక, ప్రతి గుంట నుంచి ఒక చుక్క తీసి కొత్త అగార్ మీద పెట్టాలి. అక్కడ మళ్లీ మొలకెత్తితే సారం బ్యాక్టీరియాను ఆపి ఉండొచ్చు గాని, పూర్తిగా చంపలేదని తెలుస్తుంది.