ఫ్యాన్ ట్రే వెనక ఫ్యాబ్రిక్

సిస్కో వాళ్ల పెద్ద నెట్‌వర్క్ స్విచ్ నెక్సస్ 9508లో ఫ్యాన్ ట్రే బయటికొచ్చేసింది. కొత్త ఫ్యాబ్రిక్ మాడ్యూల్ ఏమో ఇంకా అట్టపెట్టెలోనే! ఈరోజు మెయింటెనెన్స్ విండోలో, అంటే మరమ్మతులకు కేటాయించిన టైంలో, సీన్ ఇది.

ఈ స్విచ్‌లో ముందు కేబుళ్లు తగిలించే 8 లైన్ కార్డులు అడ్డంగా, వెనక ఆ కార్డులను ఒకదానితో ఒకటి కలిపే 6 ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లు నిలువుగా ఉంటాయి. మధ్యలో రెండు వైపులనూ కలిపే బోర్డు (మిడ్‌ప్లేన్) లేదు, కనెక్టర్లు నేరుగా కలుస్తాయి. గాలికి అడ్డుండదు. ఈ డిజైన్‌లో నాకు బాగా నచ్చేది అదే.

చిక్కల్లా ఒక్కో ఫ్యాన్ ట్రే రెండేసి ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లను కప్పేయడం. ఉన్నవి మూడే ట్రేలు. ఒకటి తీసి ఆలస్యం చేస్తే బాక్స్ వేడెక్కి షట్‌డౌన్ దాకా పోతుంది.

అందుకే ముందు ఒంటి మీది స్టాటిక్ కరెంటును వదిలించే ఈఎస్‌డీ పట్టీ కట్టుకుని, కొత్త మాడ్యూల్ విప్పి పిన్నులు చూసుకోవాలి. 21 నుంచి 26 వరకు ఉన్న స్లాట్లలో ఏది పోయిందో ‘షో మాడ్యూల్’ కమాండ్‌లో సరిచూసి, దాన్ని పవర్ ఆఫ్ చేయాలి. ట్రే మీద చెయ్యి ఆ తర్వాతే.