మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?

“ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పకూడదు” అంది ఇల్లు చూపించడానికి వచ్చిన ఏజెంటు. మర్యాదగానే అంది. కానీ అంతవరకు వంటగది అలమరాలు తెరిచి చూపిస్తూ గలగలా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా బిగుసుకుపోయింది. నేనడిగింది కానిమాటేమీ కాదు. ఇల్లు నచ్చింది, బేస్‌మెంటు పొడిగా ఉంది, వెనక పిల్లలు ఆడుకోవడానికి చోటుంది. అన్నీ చూశాక, హనుమకొండలో ఎవరైనా అడిగే మాటే అడిగాను: ఈ కాలనీలో మా ఇండియావాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

చుట్టుపక్కల ఏ దేశంవారున్నారో, ఏ మతంవారున్నారో, చిన్నపిల్లలున్న కుటుంబాలు ఎన్నో తాను చెప్పకూడదట. చెబితే లైసెన్సుకే ముప్పట. స్కూలు మంచిదేనా అంటే, అదీ మీరే చూసుకోండి అంది. “ఒక సాయంత్రం వచ్చి ఈ వీధుల్లో నడవండి, మీకే తెలుస్తుంది” అని సలహా ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఏజెంటు మీద కోపమేమో అనుకున్నాను. కాదు, నా మీద.

ఊరు సెయింట్ లూయిస్. అప్పటిదాకా న్యూజెర్సీలో ఉండేవాళ్లం. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద నిలబడితే మనవాళ్లు కానివాళ్లను వెతుక్కోవాలి, అక్కడ ఈ ప్రశ్న అడిగే అవసరమే రాలేదు. ఉద్యోగం మారి మిస్సోరీకి వచ్చాక మాత్రం ఎటు తిరిగినా ఒకేలాంటి ఇళ్లు, ఒకేలాంటి గడ్డి, మనిషి కనిపించని రోడ్లు. ఇల్లంటే గోడలు కాదు కదా. ఎవరి పక్కన ఉంటామో తెలియకుండా ముప్పయ్యేళ్ల అప్పు మీద సంతకం ఎలా పెట్టడం?

మా ఇంట్లో ఇళ్లు వెతికే పని అమ్మది. బాపు రైల్వేలో చేసేవాడు. కాజీపేట క్వార్టర్స్ వదిలి హనుమకొండలో అద్దెకు దిగినప్పుడు అమ్మ ముందు ఇల్లు చూడలేదు, వాడకట్టు చూసింది. బోరింగు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లతో కాసేపు మాట్లాడితే చాలు, ఓనరు గుణం ఎలాంటిది, మోటారు ఎన్ని గంటలకు వేస్తాడు, కరెంటుకు విడిగా మీటరుందా, ఏ ఇంట్లో అర్ధరాత్రి గొడవలవుతాయి, అన్నీ కొంగున ముడి వేసుకుని వచ్చేది. చివరికి అడిగేది ఇంకొకటుంది. సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు ఈ వాడకట్టు నుంచి ఎవరెవరు కలిసి వెళతారు? “ఒక్కదాన్నే బతుకమ్మను ఎత్తుకుని పోతానా?” అని బాపుతో అనేది. తూర్పు ముఖమా, ఈశాన్యం తెగిందా అన్నవన్నీ ఆ తర్వాతే.

నేను ఏజెంటును అడిగింది ఆ బోరింగు దగ్గరి ప్రశ్నే. అందులో అంత ఉలిక్కిపడాల్సింది ఏముంది? మా ఆవిడకు రాత్రి ఇదే చెప్పాను. ఆమె చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ కొరుకుడు పడడం లేదు.

ఆమె కాకతీయ యూనివర్సిటీలో చదివేటప్పుడు ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి గది కోసం తిరిగింది. టు-లెట్ బోర్డు చూసి గేటు తడితే ఓనరమ్మ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. ఏ ఊరమ్మా అంది. ఇంటిపేరేమిటి అంది. ఆ ఊళ్లో ఫలానావారు మీకేమవుతారు అంది. కులం అన్న మాట ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు. మర్నాడు అడ్వాన్సు పట్టుకుని వెళితే, “మా తమ్ముడు దిగుతానన్నాడు బిడ్డా, ఏమనుకోకు” అంది. బోర్డు మాత్రం నెల తర్వాత కూడా ఆ గేటుకే వేలాడుతూ ఉంది. “నీ ఏజెంటు లాంటి మనిషి మా హనుమకొండలో ఉంటే నేను గది కోసం అన్ని వీధులు తిరిగేదాన్ని కాదు” అంది మా ఆవిడ.

ఓనరమ్మ లోపల కూర్చుని అడిగింది, నేను బయట నిలబడి అడిగాను, రెండూ ఒకటెలా అవుతాయని నా వాదన. ఆమె అడిగింది రానివ్వకుండా ఉండడానికి. నేనడిగింది ఒంటరిగా పడిపోకుండా ఉండడానికి. కానీ ఏజెంటు చెప్పే జవాబు ఇద్దరికీ పనికొస్తుంది. నాకు “ఉన్నారు” అని చెప్పిన నోటితోనే ఇంకొకరికి “వాళ్లున్నారు, మీరు అటు చూడండి” అని చెప్పవచ్చు. ఆ దేశంలో దశాబ్దాల తరబడి జరిగిందదే. అందుకే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఇళ్ల అమ్మకంలోనూ అద్దెలోనూ జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూడకూడదని చట్టం తెచ్చారు. 1974లో ఆడ, మగ తేడా చూడకూడదన్నారు. 1988లో వికలాంగులనూ పిల్లలున్న కుటుంబాలనూ చేర్చారు. పిల్లల సంగతి కూడా ఆమె ఎందుకు దాటవేసిందో అప్పుడు అర్థమైంది.

ఈ గొడవలో సెయింట్ లూయిస్‌కు పెద్ద పేరే ఉంది. లాబడీ అవెన్యూలో 1945లో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం ఒక ఇల్లు కొన్నది. ఆ వీధివాళ్లు 1911లోనే నీగ్రోలు, మంగోలియన్ జాతివాళ్లు ఈ ఇళ్లలో ఉండరాదని ఒప్పందం రాసుకుని ఉన్నారు. మంగోలియన్ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఆసియావాళ్లు. మనల్ని ఏ వరుసలో నిలబెట్టేవారో ఊహించుకోవచ్చు. అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఒక ఆదివారం వెళ్లి చూశాం, మామూలు ఇటుక ఇల్లు. దానికి దక్షిణాన డెల్మార్ అనే రోడ్డు ఉంది. ఆ రోడ్డుకు ఉత్తరాన ఎక్కువగా నల్లవాళ్లు, దక్షిణాన ఎక్కువగా తెల్లవాళ్లు. ఏజెంటు చెప్పకూడని సంగతి కారులో వెళ్లే ఎవరికైనా కనిపిస్తూనే ఉంది. చట్టం నోరు మూయించగలిగింది గానీ ఇళ్లను కదిలించలేకపోయింది.

పైగా ఆరా తీయడం వాళ్లకు రాదనుకుంటే పొరపాటు. ఆఫీసులో చేరిన కొత్తలో భోజనాల దగ్గర ఒకాయన “హైస్కూలు ఎక్కడ చదివావు?” అని అడిగాడు. సుబేదారి దగ్గర అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ ఊళ్లో కొత్త మనిషిని అడిగే మొదటి ప్రశ్న అదేనట. బడి పేరు చెబితే చాలు, కాథలిక్కా కాదా, ఏ వైపువాడు, తండ్రికి ఎంత ఆస్తి ఉండి ఉంటుంది, అన్నీ తేలిపోతాయట. మా ఓనరమ్మ ఇంటిపేరు అడిగినట్టే! ఈ సంగతి ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, “అయితే అందరూ ఒకటే అంటావా?” అంది. అంటాను. అనకుండా ఎలా ఉండగలను?

ఇంతకీ ఆ ఏజెంటు నోరు అన్నింటికీ కట్టేసి లేదు. బాపు ఫోనులో “చెరువు ఎటుంది?” అన్నాడు. చెరువు కాదు, మిస్సోరీ నది ఉందన్నాను. “నీళ్లొస్తే ఎటు పోతాయో కనుక్కో” అన్నాడు. కాకతీయులు గొలుసుకట్టుగా చెరువులు తవ్వించిన నేల మీద పుట్టినవాడు, పైగా 2020 ఆగస్టులో నయీంనగర్ వీధుల్లో పడవలు తిరగడం చూసినవాడు, ఇంకేమడుగుతాడు? ఏజెంటుకు ఆ ప్రశ్న వేస్తే ముఖం వెలిగిపోయింది. ఇంటి చిరునామా కొడితే వరద ముప్పు చూపించే ప్రభుత్వ పటం తెరిచింది. ఏ గీత లోపల ఏటా నూటికి ఒక వంతు ముప్పు ఉందో, ఎక్కడ వరద బీమా లేనిదే బ్యాంకు అప్పివ్వదో వివరించింది. 1993 జులై చివర్లో చెస్టర్‌ఫీల్డ్ దగ్గర కట్ట తెగి చిన్న విమానాశ్రయంతో సహా లోయంతా మునిగిందనీ, తర్వాత కట్ట ఎత్తు పెంచి అక్కడే వరసగా దుకాణాలు కట్టారనీ అడగకుండానే చెప్పింది.

మా చిన్నమ్మ కొడుకు హనుమకొండలో రెండు వందల గజాల ప్లాటు కొన్నప్పుడు మధ్యవర్తి ఆ వీధిలోని ప్రతి ఇంటి చరిత్రా చెప్పాడట. ఎడమ పక్కన రిటైరైన లెక్చరరు, కుడి పక్కన ఫలానా కులంవారు, ఎదురింట్లో అమెరికా సంబంధం. వెనకాల ఉన్న చెరువు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు, ఎక్కడిదాకా వస్తుందో మాత్రం నోరు విప్పలేదు. 2023 జులైలో, మోరంచపల్లి జనం మేడలెక్కి హెలికాప్టర్ల కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో, తమ్ముడి ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. ఎడమ పక్క లెక్చరరు గారు వాళ్లను తన మేడ మీదికి ఎక్కించుకుని రెండు పూటలా వండి పెట్టారు. దీన్ని ఏ లెక్కలో వేసుకోవాలి? నీళ్ల సంగతి దాచిన మధ్యవర్తిని తిట్టాలా, మంచి పొరుగు చూపించాడని మెచ్చుకోవాలా? తమ్ముడు రెండూ చేస్తాడు, ఒకే ఊపిరిలో.

స్కూలు విషయం సులువుగానే తేలింది. ఇక్కడ స్కూళ్లు చాలావరకు ఇంటి పన్నులతోనే నడుస్తాయి. బాల్విన్ అనే ఒక్క చిన్న ఊళ్లోనే కొన్ని ఇళ్లు ఒక స్కూల్ డిస్ట్రిక్టు కిందికి, కొన్ని ఇంకొకదాని కిందికి వస్తాయి. ఊరి పేరు కాదు, ఇంటి నంబరు చూడాలి.

ఏజెంటు సలహా పాటించి ఒక సాయంత్రం నడిచాం. రెండో వీధి మలుపులో ఒక ఇంటి గడప ముందు విడిచిన చెప్పులు, సగం ఎత్తిన గరాజు తలుపు కింద నుంచి పోపు వాసన. కాస్త ముందుకు వెళితే నేతచీర మీద స్వెట్టరు, కాళ్లకు తెల్లని బూట్లు వేసుకున్న పెద్దావిడ ఎదురొచ్చింది. “తెలుగువాళ్లేనా బిడ్డా?” అంది. పరకాల ఆమెది, కొడుకు దగ్గరికి వచ్చి వేసవి నుంచి ఉంటోంది. నడుస్తూనే అన్నీ చెప్పేసింది: ఏ ఇంటివాళ్లు మంచు పడితే పక్కవాళ్ల దారి కూడా తీస్తారు, ఎవరి కుక్క మీదికి వస్తుంది, కరివేపాకు కుండీలో ఎవరు పెంచుతున్నారు, వైడ్‌మన్ రోడ్డు గుడికి కారు లేని రోజు ఎవరు తీసుకుపోతారు. వెళ్లబోతూ చేయి పట్టుకుని, “ఇంటిపేరేమిటి?” అంది.

మా ఆవిడ వైపు చూశాను. ఆమె ముఖం గట్టిపడింది. నేను ఇంటిపేరు చెప్పాను. పెద్దావిడ ఓహో అని, తెలిసినవాళ్ల పేరొకటి తీసింది. కాదన్నాను. “పోనీలే, మీరు రండి, పక్కన మనిషి ఉంటే చాలు” అంటూ వెళ్లిపోయింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందని ఒకరు, అడిగి ఏం చేసిందో చూడమని ఒకరు, ఆ రాత్రి కూడా మాకు వాదనే. చివరికి ఇల్లు అక్కడే కొన్నాం. మా ఆవిడ ఒప్పుకున్నది ఆ స్కూలు కోసమని ఆమె అంటుంది.

ఇప్పుడు సెయింట్ లూయిస్‌కు ఉద్యోగం వచ్చిన మన ప్రాంతం పిల్లలు ఎవరో ఒకరు నా నంబరు పట్టుకుని ఫోను చేస్తూ ఉంటారు. నాకు లైసెన్సు లేదు కాబట్టి పోయే భయమూ లేదు. ఏ వీధిలో ఎవరున్నారో, వరద పటంలో ఏ గీత ఎక్కడుందో, మెట్రో రైలు ఎంతవరకు వస్తుందో, అన్నీ చెబుతాను. కులం ఊసెత్తితే మాత్రం ఫోను మా ఆవిడకు ఇస్తాను. ఆ తర్వాత వాళ్లు ఆ విషయం ఎత్తరు. మొన్న మంచిర్యాల అబ్బాయి ఒకడు గంటసేపు శ్రద్ధగా విన్నాడు, “సరే అన్నా, చాలా థాంక్స్ అన్నా” అన్నాడు. నది అవతల సెయింట్ చార్లెస్‌లో, నేను ఒక్కసారి కూడా పేరెత్తని చోట, అద్దె వంద డాలర్లు తక్కువని దిగిపోయాడు.