పాత జాగ్వార్‌కు కొత్త ఇంజిను ఎందుకు?

విజయనగరంలో పాత ఇంగ్లీషు కారు ఒకటి షెడ్డులోంచి బయటికి వచ్చిందంటే, చూడవచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇచ్చే సలహా ఒక్కటే: ఇంజిను దించేసి జపాను డీజిలు ఇంజిను ఎక్కించండి, పవర్ స్టీరింగు పెట్టించండి, ఏసీ వేయించండి, ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదు. వాళ్ల మధ్య దీనికి బద్ధవిరోధి కూడా ఎవరో ఒకరు ఉంటారు. కంపెనీ బిగించిన బోల్టు ఒక్కటి మారినా ఆయన దృష్టిలో కారు మైలపడిపోయినట్టే. నేను ఆ రెండో ఆయన పక్షమని మా బంధువుల్లో ఒక అపవాదు ఉంది. నా అభ్యంతరం అది కాదు. లేత్ షాపు ఉన్న ఇంట్లో పుట్టి, ఊళ్లో పాత బండ్లకు జరిగే మరమ్మతులను దగ్గర నుంచి చూస్తూ వచ్చినవాడిగా నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, మార్పు పేరుతో జరిగే పనుల్లో అధికభాగం అసలు లోపం ఎక్కడుందో కనుక్కునే ఓపిక లేక చేసేవి.

ఈ మాట ఇప్పుడు రాయడానికి కారణం మా మేనల్లుడి వరస అబ్బాయికి తాతగారి నుంచి వచ్చిన 1961 నాటి జాగ్వార్ మార్క్ 2. చీపురుపల్లి దారిలో వాళ్ల పాత పెంకుటింటి పక్కన, ఒకప్పుడు బండ్లు కట్టే సావిడిలో ఉండేది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న కాబట్టి, జిల్లా కంటే కారే పెద్దది. 3.4 లీటర్ల, ఆరు సిలిండర్ల ఎక్స్‌కే ఇంజిను, నాలుగు చక్రాలకూ డన్‌లప్ డిస్కు బ్రేకులు, లోపల వాల్‌నట్ చెక్క, ఎర్ర తోలు సీట్లు. 210 హార్స్‌పవర్ అని కంపెనీ చెప్పుకున్న ఆ ఇంజినుకు 1961లో మన రోడ్ల మీద పని ఏముండేదో నాకు ఊహకందదు.

అబ్బాయి ఫిర్యాదు ఒక్కటే, కారు వేడెక్కిపోతోంది. కోట దగ్గర బయలుదేరి రామతీర్థం చేరేలోగా వేడి చూపే మీటరు ముల్లు చివరిదాకా వెళ్లిపోయేది. రేడియేటర్ పెద్దది చేయించాడు, తగ్గలేదు. ఎలక్ట్రిక్ ఫ్యాను అదనంగా పెట్టించాడు, కొద్దిగా తగ్గి మళ్లీ మొదటికే వచ్చింది. అప్పటికి షెడ్డుకు వచ్చినవాళ్లంతా ఏకగ్రీవంగా తేల్చినదేమంటే, ఈ ఇంజిను చల్లటి దేశానికి చేసినది, మన ఎండకు ఆగదు, డీజిలు ఇంజిను ఎక్కించడం తప్ప గత్యంతరం లేదని. ఒక వర్క్‌షాపువాళ్లు ఖర్చు లెక్క కూడా రాసి ఇచ్చారు.

మా షాపులో ఇంజిను పనులు చూసే మేస్త్రీ పెద్దాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లను రేడియేటరుకు వదిలే వాల్వు) ఉండే గొట్టం విప్పి చూసి, "ఇంజినుకేటీ అవలేదు బాబూ, నీళ్లు తిరగట్నేదు, అంతే" అన్నాడు. అక్కడ థర్మోస్టాట్ లేదు. ఎప్పుడో ఎవరో పీకేశారు. మన దగ్గర ఇది ఆచారంగా మారిపోయిన పని. అంబాసిడర్ వేడెక్కితే మొదట థర్మోస్టాట్ పీకెయ్యడమే, నీళ్లు అడ్డులేకుండా తిరుగుతాయని నమ్మకం. ఎక్స్‌కే ఇంజినులో అది ఎదురు తిరుగుతుంది. ఆ ఇంజినులో వేడి నీళ్లు రేడియేటరుకు పోకుండా తిరిగి పంపులోకే వెళ్లే అడ్డదారి ఒకటి ఉంది. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు అది తెరిచి ఉండాలి, వేడెక్కాక మూసుకోవాలి. దాన్ని మూసేది థర్మోస్టాట్‌కు ఉండే చిన్న తొడుగు. థర్మోస్టాట్ పీకేస్తే, లేదా తొడుగు లేని మామూలు రకం పెడితే, ఆ దారి ఎప్పటికీ మూసుకోదు. వేడి నీళ్లలో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజినులోకి పోతూ ఉంటుంది. రేడియేటర్ ఎంత పెద్దది చేయించినా దాని దాకా రాని నీటిని అది ఎలా చల్లబరుస్తుంది?

రెండో కారణం బ్లాకు పక్కనున్న వాటర్ ప్లగ్గులు తీస్తే బయటపడింది. వెనుక సిలిండర్ల చుట్టూ తుప్పు, సున్నం కలిసి ఇటుకపొడి రంగులో గట్టిగా పేరుకుపోయి ఉంది. కూలెంట్ పోయకుండా బోరు నీళ్లు పోస్తూ వచ్చిన ఫలితం అది. వంచిన కడ్డీతో పొడుస్తూ, నీళ్ల పైపు పెట్టి కడుగుతూ ఒక పూటంతా గడిపితే కింద పెట్టిన పళ్లెం నిండింది. (జాగ్వార్‌వాళ్లు సిలిండర్లను వెనుక నుంచి లెక్కపెడతారు, ఒకటో నంబరు డ్రైవరు వైపు ఉంటుంది. ఇది తెలియక ప్లగ్గు వైర్లు తలకిందులుగా బిగించి, బండి స్టార్టు కావడం లేదని ఇంజినును తిట్టినవాళ్లున్నారు.) తొడుగు ఉన్న థర్మోస్టాట్ తెప్పించి, బ్లాకు శుభ్రం చేసి, కూలెంట్ పోశాక అదే రామతీర్థం దారిలో ముల్లు సగం దగ్గర నిలబడింది. ఇంజినే మార్చేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు, "మన ఎండకు ఆగదు" అన్న తీర్పు మాత్రం శాశ్వతంగా నిలిచిపోయేది.

ఇంజిను మార్చే అలవాటు మనకు అంబాసిడర్ నేర్పింది. అందులో తప్పు లేదు. ఇంగ్లండువాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూడో సిరీస్ నుంచి వచ్చిన అంబాసిడర్ 1957 నుంచి 2014 దాకా తయారైంది. దాని 1489 సీసీ బీఎంసీ ఇంజిను స్థానంలో కంపెనీయే తొంభైలలో ఇసుజు ఇంజిను పెట్టింది. టాక్సీ నడుపుకొని పిల్లల్ని చదివించుకునే మనిషికి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తాయన్నదే ముఖ్యం, ఆయనకు చరిత్ర బోధించే హక్కు నాకు లేదు. ఆ లెక్క మాత్రం ఏడాదికి ఏ పైడితల్లి సిరిమానోత్సవానికో, పెళ్లి ఊరేగింపుకో బయటికి తీసే మార్క్ 2కు వర్తించదు. పైగా ఇంకో ఇంజిను పట్టాలంటే ముందు సబ్‌ఫ్రేమ్ కొయ్యాలి, గేర్‌బాక్సు కోసం మధ్య సొరంగం కొయ్యాలి. మార్క్ 2కు విడిగా చాసిస్ లేదు. నేల, పక్క సిల్లులు (తలుపుల కింది పట్టీలు), గోడలు అన్నీ కలిసే బరువు మోస్తాయి. మన తేమకు, తుపాను వానలకు ఆ సిల్లులు ముందే లోపల నుంచి తుప్పుపట్టి, పైన పుట్టీతో నునుపుగా కనిపిస్తుంటాయి. అటువంటి బాడీని గ్యాస్ కట్టరుతో కోసి బరువైన డీజిలు ఇంజిను వేలాడదీస్తే, కొన్నాళ్లకు తలుపులు సరిగా పడకపోవడంతో మొదలై ఏం జరుగుతుందో టింకరింగ్ పని తెలిసిన ఎవరైనా చెబుతారు.

ఇక రెండో పక్షం సంగతి. ఏదీ మార్చకూడదనే వాదానికి చరిత్రలోనే ఆధారం తక్కువ. మార్క్ 2 కొత్తగా అమ్ముడవుతున్న రోజుల్లోనే ఇంగ్లండులో గిల్డ్‌ఫర్డ్ డీలరు జాన్ కూంబ్స్ దానికి మార్పులు చేసి అమ్మేవాడు, ఇవాళ ఆ కార్ల కోసమే ఎక్కువ ధర పెడతారు. రోవర్ కంపెనీ తన పాత పీ5 కారులో 1967లో అమెరికా బ్యూయిక్ నుంచి హక్కులు కొన్న వీ8 ఇంజినును పెట్టింది, ఆ కారునే బ్రిటన్ ప్రధానమంత్రులూ రాణీ వాడారు. ఒకప్పుడు జాగ్వార్ డిజైన్ పెద్దగా ఉన్న ఇయన్ కాలమ్ తన సొంత మార్క్ 2ను బంపర్లు తీయించి, పక్కన గాలి చీలికలు పెట్టించి మరీ మార్పించుకున్నాడు. (ఆ బంపర్లు లేని ముఖం నాకు నచ్చలేదు, అది వేరే సంగతి.)

అన్నింటికీ మించి, మారకుండా ఉండనివ్వని కాలం మనది. బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1961 నాటి రబ్బరు గొట్టాలు, ఎస్‌యూ కార్బురేటర్లలోని పాత సీళ్లు దానికి ఉబ్బి, పగిలి, పెట్రోలు కారితే కింద ఉండేది వేడి ఎగ్జాస్టు. కంపెనీ గొట్టమే ఉండాలని పట్టుపట్టడం భక్తి కాదు, ప్రమాదం. సీసం తీసేసిన పెట్రోలు గురించి మాత్రం జాగ్వార్ యజమాని బెంగపడనక్కర్లేదు, దాని హెడ్డు అల్యూమినియం కావడం వల్ల వాల్వు సీట్లు మొదటి నుంచీ విడిగా దిగేసినవే; సీసం లేక వాల్వు సీట్లు అరిగిపోయే, పాత అంబాసిడర్ ఇనుప హెడ్డుకు ఉన్న ఇబ్బంది దీనికి లేదు. హెడ్‌లైట్లకు రిలే పెట్టడం, డైనమో బదులు ఆల్టర్నేటర్, సీటు బెల్టులు, రేడియల్ టైర్లు, ఇవన్నీ స్పానరుతో బిగించి స్పానరుతోనే విప్పగలిగినవి, విప్పినవాటిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకోవచ్చు. డైనమో మార్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఆ కాలపు జాగ్వార్‌లో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. అది తెలియకుండా ఆల్టర్నేటర్ తగిలిస్తే డయోడ్లు ఆ క్షణంలోనే పోతాయి.

అసలు చెయ్యి పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. 1965లో వచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ షాడోకు బ్రేకులు, వెనుక భాగం ఎత్తు సరిచూసే ఏర్పాటు సిట్రోయెన్ నుంచి లైసెన్సు తీసుకున్న అధిక పీడన హైడ్రాలిక్ పద్ధతి మీద నడుస్తాయి. కామ్‌షాఫ్టు తిప్పే రెండు పంపులు, ఒత్తిడిని నిల్వ ఉంచే, నైట్రోజన్ నింపిన రెండు అక్యుమ్యులేటర్లు, దానికంటూ ప్రత్యేకమైన ఆర్ఆర్363 ద్రవం. 1980లో వచ్చిన సిల్వర్ స్పిరిట్‌కు ఇది కాకుండా ఖనిజ నూనె వాడారు. ఒకదానిది మరొకదానిలో పోస్తే సీళ్లన్నీ పాడవుతాయి. ఇంత గొడవ ఎందుకని దాన్నంతా పీకి, వ్యాను తాలూకు సర్వో బ్రేకు పెట్టే ఘనులున్నారు. రెండు టన్నులు దాటిన బండి అది.

లోపలి చెక్క దగ్గర నాకు మరో పాఠం దొరికింది. గ్లవ్ బాక్సు మూత అంచున వాల్‌నట్ పొర లేచి, చేతికి గుచ్చుకుంటోంది. కొత్త చెక్క పెట్టించి మెరుపు పాలిష్ కొట్టిస్తానని అబ్బాయి అన్నాడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబంలో తెలిసిన ఒకాయనకు ఆ మూత చూపించాము. పనస మొద్దును తొలిచి వీణ చేసే చేతులకు ఈ కాగితమంత పొర కొత్తే అయినా, ఆయన ఉలి ముట్టుకోలేదు. సిరంజితో పల్చటి జిగురు పొర కిందికి ఎక్కించి, నూలుగుడ్డ చుట్టిన చెక్కముక్కతో అదిమి కట్టి వదిలేశాడు. పాత వార్నిషు మీద ఉప్పుకాగితం వెయ్యమంటే ఒప్పుకోలేదు, "గీకితే కింద పలకే మిగులుతాది" అన్నాడు. ఆ అతుకు ఇప్పుడు వెతికినా కనిపించదు.

ఎలక్ట్రిక్ మార్పిడి గురించి కూడా అడుగుతున్నారు. సిల్వర్‌స్టోన్ దగ్గర 2018లో మొదలైన లూనాజ్ అనే సంస్థ పాత రోల్స్ రాయిస్‌లకు, బెంట్లీలకు బ్యాటరీలు, మోటార్లు పెట్టింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా మాత్రం అలా మార్చినదాన్ని చారిత్రక వాహనంగా లెక్కించలేమని, మార్చేవాళ్లు కనీసం తీసిన భాగాలన్నీ భద్రపరచాలని అంటోంది. నా మాట వేరు: రోల్స్ రాయిస్ సిల్వర్ క్లౌడ్ లాంటి కారులో ఇంజిను ఉనికి తెలియకపోవడమే గొప్ప కనుక మోటారు పెడితే పోయేది తక్కువ, కానీ 1951 నుంచి 1957 లోపు అయిదుసార్లు ఫ్రాన్సులోని లె మాన్స్ రేసు గెలిచిన ఎక్స్‌కే ఇంజినును తీసేస్తే మార్క్ 2లో మిగిలేది అందమైన బొమ్మ.

చట్టం కూడా ఇంజిను మార్చే విషయంలో అబ్బాయి కంటే నా వైపే ఉంది. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజినులో మార్పు లేని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అనే అక్షరాలు. అలా నమోదైతే ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. ఆ గొడవ వద్దనుకుని పాత రిజిస్ట్రేషన్ మీదే నడుపుకున్నా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉండనే ఉంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్చితే ఆర్సీతో బండి సరిపోలదు. ఇన్సూరెన్సువాళ్లకు ఆ ఒక్క వంక చాలు.

ఏసీ సంగతి ఇంకా తేలలేదు. "మావయ్యా, మే నెలలో ఆ తోలు సీట్ల మీద మీరు కూర్చోండి" అంటాడు అబ్బాయి, అందులో న్యాయం ఉంది. కాకపోతే ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ పెట్టాల్సింది రేడియేటర్ ముందే, అంటే ఇప్పుడిప్పుడే కుదుటపడిన చల్లదనానికి మళ్లీ అడ్డు. కంప్రెసరు క్లచ్చుకు, ఫ్యాన్లకు డైనమో కరెంటు చాలదు కనుక ముందు ఆల్టర్నేటర్ పని జరగాలి. ఈ వేసవి అద్దాలు దించుకుని తిరిగి, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో మూడు లాంతర్ల దగ్గర ముల్లు ఎక్కడ నిలుస్తోందో రాసిపెట్టమన్నాను. తొంభై డిగ్రీలు దాటకపోతే కంప్రెసర్ బ్రాకెట్టు మా లేత్ షాపులోనే చేద్దాం, బ్లాకుకు ముందే ఉన్న రంధ్రాలకే బిగించేలా.