పెన్సిలుతో రాసుకున్న తెలుగు

ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడు ఇంగ్లిష్ పాఠం గడగడా చదివేవాడు. గుంటూరు దగ్గర పల్లెటూరి హైస్కూల్ మాది, నేను అక్కడ ఇంగ్లిష్ టీచర్ని. ఎవరు విజిట్‌కి వచ్చినా వాడినే లేపేదాన్ని. ఒకరోజు పుస్తకం మర్చిపోయి వస్తే నాది ఇచ్చాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. మర్నాడు వాడి పుస్తకం తెప్పించి చూశాను. ప్రతి ఇంగ్లిష్ మాట మీదా పెన్సిలుతో సన్నగా తెలుగు అక్షరాలు. వాళ్లక్క రాసిచ్చిందట. వాడు ఇన్నాళ్లూ చదివింది తెలుగే!

2020-21లో గవర్నమెంటు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కోసమని ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలిచ్చారు. ఇంగ్లిష్ పాఠానికి ఆ ఎదురు పేజీ ఉండదు కదా, వీడు సొంతంగా తయారుచేసుకున్నాడు.

ముందు కోపమే వచ్చింది. చెరిపించబోయి, ఒకసారి చదువుదామని కూర్చున్నాను. 'నైఫ్' మీద 'క్నైఫు', 'ఎగ్' మీద 'యెగ్గు'. మధ్యాహ్న భోజనంలో తినేదాన్నే! మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి ఊతం ఉండదు, అందుకే బస్సు, బుక్కు, పెన్ను. మొదట్లో 'ఎ' ఉంటే దాని ముందు 'య' దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పైగా మనకి 'క' ఎక్కడ రాసినా 'క'నే. ఇంగ్లిష్‌లో 'సీ' అక్షరం 'క్యాట్'లో ఒకలా, 'సిటీ'లో ఇంకోలా. 26 అక్షరాలతో దాదాపు 44 ధ్వనులు నడిపే భాష అది. పిల్లాడి తప్పేముంది?

అప్పట్నుంచి పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ధ్వనులకే. 'క్యాప్' చివర 'ఈ' అక్షరం చేరిస్తే 'కేప్', 'పిన్' చివర చేరిస్తే 'పైన్'. ఆ 'ఈ' తను పలకదు, ముందున్న అచ్చు చేత మాత్రం దాని అసలు పేరు పలికిస్తుంది. "రెండో తరగతి పాఠం ఎనిమిదిలో చెబుతున్నారేంటి మేడమ్, సిలబస్ అవుతుందా?" అన్నారు స్టాఫ్‌రూంలో ఒకాయన. అవలేదు. ఆ ఏడు చివరి రెండు పాఠాలూ హడావిడిగా లాగించేశాను.

మాట్లాడించడంలో నేను చేసిన బుద్ధితక్కువ పని కూడా చెప్పాలి. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ అన్నాను. మొదటి రోజు ఆరు రూపాయలు వచ్చాయి. మూడో రోజు ఏమీ రాలేదు, ఎవరూ నోరు తెరిస్తేగా! ఆ ఆరు రూపాయలకీ చాక్లెట్లు కొని పంచి ఫైన్ ఎత్తేశాను.

తర్వాత ఒక అమ్మాయి లీవ్ లెటర్‌లో "టు మీ ఫీవర్ కేమ్" అని రాసింది. ఎర్రపెన్నుతో కొట్టేయబోతూ తెలుగులో చదువుకున్నాను. నాకు జ్వరం వచ్చింది. అచ్చం అదే వరస! మనకి ఆకలైనా, భయమైనా, ఇద్దరు తమ్ముళ్లున్నా అన్నిటికీ 'నాకు'. ఇంగ్లిష్‌లో 'నేను'తో మొదలుపెట్టాలి. ఆకలీ భయమూ 'ఐ యామ్' వైపు, జ్వరమూ తమ్ముళ్లూ 'ఐ హ్యావ్' వైపు. బోర్డు మధ్యలో గీత గీసి 'నాకు'తో వాక్యాలు వాళ్లనే చెప్పమన్నాను. నాకు కోపం, నాకు నిద్ర, నాకు దగ్గు... ఒకడు లేచి "నాకు పెళ్లి ఏ వైపు టీచర్?" అన్నాడు.

పదో తరగతి ఇంగ్లిష్ పరీక్ష అంతా రాతే, మాటకి మార్కులు లేవు. అందుకే ఇవన్నీ ఎనిమిదిలోనే కానిచ్చేస్తాను.

ఫిబ్రవరిలో మిరపకాయ కోతలు, క్లాసు సగం ఖాళీ. మూడు రోజులు రాని అమ్మాయిని ఏం చేశావో చెప్పమన్నాను. "ఐ గో కల్లం. తాలు కాయ సెపరేట్. గుడ్ కాయ సెపరేట్. హ్యాండ్స్ బర్న్. నైట్ నో స్లీప్." మధ్యలో దిద్దకుండా ఉండటానికి చాక్‌పీస్ గట్టిగా పట్టుకున్నాను. క్లాసంతా విన్నది. తాలు కాయకి, అంటే రంగు పోయిన నాసి మిరపకాయకి, ఇంగ్లిష్‌లో ఏమంటారని అడిగారు. నాకూ తట్టలేదు. తాలు అనే ఉంచేశాం. మర్నాడు మాత్రం అవే వాక్యాలు మళ్లీ చెప్పించాను, 'గో' తీసి 'వెంట్' పెట్టి.