బలగం చూశాక మావాడు అడిగిన ప్రశ్నలు

ఈమధ్య సెలవు రాత్రుల్లో పిల్లలతో కూర్చుని ఒక వారం పాత సినిమా, ఒక వారం కొత్త సినిమా చూస్తున్నాం. పరాయి దేశంలో పుట్టి పెరుగుతున్న వాళ్ళకి అంతవరకూ తెలుగు సినిమా అంటే 2023లో ఆస్కార్ గెలిచిన "నాటు నాటు". ఆ పాట గురించి బళ్ళో స్నేహితులే వచ్చి అడిగారని మావాడు ఎంత పొంగిపోయాడో! ఆ గర్వం నాకూ ఇష్టమే. కానీ గర్వం వేరు, దగ్గరితనం వేరు. ఆ దగ్గరితనం ఇంకో దారిలో వచ్చింది.

మొదట మాయాబజార్ (1957) పెట్టాను. 2010లో రంగులద్దిన ప్రతి ఉన్నా, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల నలుపు తెలుపులోనే చూడాలని నా పట్టుదల. కెమెరా మాయలకు పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తారని తెలుసు. మా అమ్మాయి ఇంకోటి పట్టుకుంది. ఘటోత్కచుడు శశిరేఖగా మారాక, "నాన్నా, ఆవిడ నడక చూడు, ఇందాకటి రాక్షసుడి నడకే!" అంది. ఎస్వీ రంగారావు ఠీవిని సావిత్రి తన ఒంట్లోకి దించుకుని, ఎవరైనా వస్తున్నారనగానే మళ్ళీ సుకుమారి అయిపోతుంది. ఆ సన్నివేశాలే మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది.

సావిత్రి జీవితకథతో తీసిన మహానటి (2018) ఆ తర్వాతే చూపించాను. ఈ వరస ముఖ్యమని నా నమ్మకం. ముందు మహానటి చూసిన పిల్లలకు సావిత్రి కష్టాలు పడ్డ మనిషిగానే మిగిలిపోతుంది. మాయాబజార్ చూసి వస్తే మనం పోగొట్టుకున్నది ఎవరినో తెలుస్తుంది. అందులో సావిత్రిగా వేసిన కీర్తి సురేష్‌కి జాతీయ అవార్డు ఊరికే రాలేదు. అయినా "అసలు సావిత్రి కళ్ళు వేరు" అని తేల్చేసింది మా అమ్మాయి.

ఇక బలగం (2023). కొమురయ్య చనిపోతాడు, పెట్టిన పిండం కాకి ముట్టదు. భోజనాల దగ్గర నల్లిబొక్క (మూలుగ ఎముక) మీద వచ్చిన మాటపట్టింపుతో కూతురి కుటుంబానికి ఏళ్ళ తరబడి రాకపోకలు లేవు. తాత పోయినా మనవడు సాయిలుకి తన అప్పులు, తన పెళ్ళే దిగులు. మన సంస్కృతి గొప్పదని చెప్పడానికి తీసిన సినిమాల దగ్గర మా పిల్లలు ముళ్ళ మీద కూర్చున్నట్టుంటారు. ఇందులో అందరిలోనూ లోపాలున్నాయి, అందుకే వాళ్ళని నమ్మారు. చివర జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మల బుర్రకథ మొదలయ్యాక యాస సగమే అర్థమైనా ఇద్దరూ ఏడ్చారు.

మా నాన్న పోయినప్పుడు నేనొక్కణ్ణే వెళ్ళాను. గుండుతో తిరిగొచ్చిన నన్ను చూసి చిన్నవాడు దగ్గరికి రాలేదు. ఆ పదకొండు రోజులూ అక్కడ ఏం చేశానో చెప్పడానికి తర్వాతెప్పుడూ నాకు నోరు రాలేదు, వాళ్ళూ అడగలేదు. సినిమా అయిపోగానే వాడు అడిగాడు: "తాతయ్యకి కాకి వచ్చిందా?" వచ్చిందన్నాను. వెంటనే వచ్చిందా? అత్త ఎక్కడ నిలబడింది? నువ్వు ఏడ్చావా? నాకు గుర్తున్నదంతా చెప్పాను. వాళ్ళమ్మకి కూడా కొన్ని అప్పుడే తెలిశాయి. చావు గురించి పిల్లలకు చెప్పకూడదనే పెద్దలున్నారు, వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ దూరాన ఉన్న పిల్లలకు తాతయ్య అంటే ఫోన్ తెరలో కనిపించే ముఖం. ఆ ముఖం వెనక ఇంత బలగం ఉందని వాళ్ళకి ఎలాగోలా తెలియాలి కదా.

మర్నాడు మావాడు తనే అత్తకి ఫోన్ చేసి, నేను కూడా ఎరగని తాతయ్య కబుర్లు ఎన్నో రాబట్టాడు. తాతయ్యకి మిస్సమ్మ (1955) అంటే ప్రాణమట. ఈ వారం అదే చూస్తున్నాం. అందులోనూ సావిత్రే కాబట్టి మా అమ్మాయి ముందే ఒప్పేసుకుంది.